చేతిసంచితో కాపురము

ఉదయము తొమ్మిది గంటల వేళ హైటెక్ సిటీ మెట్రో స్టేషను మెట్లకడ పావుగంట నిలిచి చూడుడు. భుజమున వ్రేలాడునవి, మోచేతి వంపున నొదిగినవి, చంటిబిడ్డవలె ఱొమ్మునకు హత్తుకొనబడినవి, ఎన్నెన్ని చేతిసంచులో మన కన్నులముందు సాగిపోవును. మా యమ్మమ్మకు చేతిసంచి లేదు. ఆమె సొమ్మంతయు కొంగుముడిలో నుండెడిది. మిగిలినది పోపులడబ్బాలో మెంతుల క్రింద దాగెడిది. మా యమ్మ గుడ్డసంచి పట్టెను. మా తరము వచ్చునప్పటికి సంచియే యొక సొమ్మైనది. కొన్ని సంచుల ఖరీదు వాని యందుంచు ధనముకంటె మిక్కిలి హెచ్చు.

అట్టి ఖరీదైన సంచి యొకటి యింట బ్రవేశించిన పిమ్మట దానితో ఏండ్ల తరబడి కాపురము చేయుట యెట్లు? అది మనకేమి నేర్పును? దీనినిగూర్చి మాకు స్వానుభవము కొంత కలదు. కొననెంచువారికిని, కొని బీరువాలో దాచినవారికిని అది కొంత యుపకరింపవచ్చునని యిది వ్రాయుచున్నాము.

మాది బడిపంతులుగారి యిల్లు; కొండాపూరు పాతయూరిలో నున్నది. 1998 నవంబరు 22వ తేదీని నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును బ్రారంభించునాటికి మేము చిన్నపిల్లలము. మా నాయనగారు మాకు ఇంటివద్దనే భారత భాగవతములు చెప్పించిరి. మా చెల్లెలిని ఇంజనీరింగు కళాశాలకు బంపిరి. అక్కకు పద్యములు, చెల్లెలికి జీతము వచ్చినవని మావారు పరిహాసమాడుచుందురు.

మా చెల్లెలిని 2016లో ఆమె కంపెనీవారు ఆఱునెలలు అమెరికాకు బంపిరి. తిరిగి వచ్చునపుడు ఆమె రెండు చేతిసంచులు కొని తెచ్చెను. ఒకటి పెద్దది. పూతపూసిన ముదుకగుడ్డతో చేసి, పిడులు మాత్రము రంగువేయని తోలుతో కుట్టినది. రెండవది చిన్నది, నల్లని గొఱ్ఱెపిల్ల తోలుది, పెండ్లిండ్లకు, విందులకు నని కొన్నది. వానిని చేసినవారి పేళ్లతో మనకు బనిలేదు. 2018 దసరాకు ఆమె పెద్దసంచిని మా చేతబెట్టి, “అక్కా, ఆఫీసువాళ్లు ల్యాప్‌టాప్‌కు వీపుసంచి ఇచ్చారు. నాకు దీనితో పనిలేదు. నువ్వు వాడుకో” అన్నది. దాని ఖరీదు తెలిసికొని మావారు కొంతసేపు మాటాడలేదు. అది వారి రెండు నెలల జీతమునకు మించినది. “బీరువాలో పెట్టు. బంగారంలా దాచు” అనిరి. మేమును అట్లే చేసితిమి.

ఇంతకును ఈ సంచులకు ఇంత ఖరీదేలనో కొంచెము విచారింతము. వీనిని చేయు ప్రసిద్ధ సంస్థలలో గొన్ని సంచులతో బుట్టినవి కావు. పారిసు నగరమున 1837లో మొదలైన హెర్మెస్ వారు తొలుత గుఱ్ఱములకు కళ్లెములు, పట్టెడలు చేసెడివారు. 1854లో దుకాణము పెట్టిన లూయీ విట్టన్ ప్రయాణపు పెట్టెలు చేసెడివాడు. అతని కుమారుడు జార్జి, ఇతరులు తమ పెట్టెలకు నకళ్లు చేయుచుండగా వారి నరికట్టుటకై, 1896లో అక్షరములును పువ్వులును గలిసిన గుర్తును గుడ్డపై వేయించెను. నకళ్లను మాన్పుటకు బుట్టిన ఆ గుర్తునకే నేడు లోకమున లెక్కలేనన్ని నకళ్లు! 1955 ఫిబ్రవరిలో షనెల్ భుజమున వ్రేలాడు గొలుసుగల సంచిని దెచ్చి స్త్రీల రెండు చేతులకును విడుదల కలిగించినది. మన దేశమున 1978లో పుదుచ్చేరియందు దిలీప్ కపూర్ గారు హైడిజైన్ పేర తోలుసంచులు చేయ మొదలిడిరి. కావున ఖరీదులో కొంత తోలునకు, కొంత కుట్టుపనికి, పెద్దభాగము పేరునకు నని గ్రహింపవలెను.

తోలునుగూర్చి మఱియొక మాట. బతుకమ్మలో మనము మొదట పేర్చు తంగేడుపూవు తెలంగాణమునకు రాష్ట్రపుష్పము. ఆ తంగేడు పట్టలోని వగరుతోడనే దక్షిణదేశమున తరతరములుగ పచ్చితోళ్లను పదునుచేసిరి. కరక్కాయయు ఆ పనికే యుపయోగించెడిది. పల్లెలలో తోళ్లు నానవేయు తొట్టిని లంద యందురు. ఆ లందలకడ వెన్ను వంచినవారిని మన పెద్దలు ఊరి వెలుపల నుంచిరి. వారు చేసిన చెప్పులు మాత్రము తొడిగిరి. నేడు తోలుసంచిని ఒడిలో బెట్టుకొని విందులకు బోవు మనము, ఆ చేతులకు పడిన బాకీని ఒక్కమాఱైనను తలపక పోవుట న్యాయము కాదు. ఇప్పటి తోళ్లలో పెక్కింటిని క్రోమియము లవణములతో పదునుచేయుచున్నారు. పట్టతో పదునుచేసి రంగువేయక విడిచిన తోలు ఎండకును చేతి చమురునకును ఏటేట రంగు తిరుగును. మా సంచి పిడులు అట్టివే.

ఆ సంచి మా బీరువాలో మూడు నెలలు నిదురించెను. ఒకనాడు రైతుబజారునకు బోవబోవగా మా కూరలసంచి పిడి తెగినది. చేతికందినది అదియే. వంకాయలు, కరివేపాకు నింపుకొని వచ్చుచుండ పొరుగింటి యామె చూచి, “బాగుందండీ! బజార్లో మూడు వందలకు దొరికిందా?” అని యడిగెను. “ఆ మాత్రమే” అని నవ్వి లోనికి వచ్చితిమి. బడిపంతులు భార్య చేతిలో అసలైన దానినైనను లోకము నకలుగనే చూచును. ఆనాటినుండి మాకు దానియెడ భయము పోయినది. చదువు చెప్పించుకొనవచ్చు పిల్లల పుస్తకములు, బ్యాంకు పాసుపుస్తకము, మందులు, గొడుగు, సమస్తమును అందులోనే.

భయము పోవుటయు జాగ్రత్త పోవుటయు నొకటి కాదు. మేము చేసిన తప్పులను దాచక చెప్పుదుము. గుడిలో నిచ్చిన పులిహోర పొట్లము నందుంచగా నూనె యూరి ఒక పిడిపై మచ్చ పడినది. రంగువేయని తోలు నూనెను పీల్చుకొనును. దానిని తీయజూచిన కొలది మచ్చ విస్తరించును. మేము దాని నట్లే విడిచితిమి. నాలుగేండ్లలో పిడి యంతయు నలుపెక్కి మచ్చ అందులో గలిసిపోయినది. 2019 వానలలో తడిసినపుడు పిడులపై నీటిచుక్కల గుర్తులు పడినవి. తడిసిన తోలును మెత్తని నూలుగుడ్డతో నద్ది, నీడన గాలికి ఆఱనీయవలెను; ఎండలో బెట్టినను, జుట్టు ఆఱబెట్టు యంత్రముతో వేడిగాలి పట్టినను బిగిసి పగులును. 2020లో చేతులు శుభ్రపఱచుకొను ద్రవపు సీసా మూత యూడి, లోపలి రంగు చేతివెడల్పున పోయినది. ఆ ద్రవములోని సారము రంగులకు శత్రువు, అత్తరును నట్టిదే. క్రొత్త నీలిరంగు బట్టలతో నొరసికొన్నచో లేతరంగు తోలునకు ఆ నీలము పట్టును, అది వదలదు. మల్లెదండను తడిగుడ్డలో జుట్టి సంచిలో వేయరాదు. వేసవిలో స్కూటరు సీటు క్రింది పెట్టెలో గంటల తరబడి విడువరాదు. ఈ తప్పులన్నియు జరిగియు ఆ సంచి చెడలేదు. మొదట మీగడవలె నున్న పిడులు నేడు ముదురు తేనెరంగు దేరినవి.

ఇక రెండవ సంచి కథ.

మా చెల్లెలు ఆ నల్లసంచిని మిక్కిలి ప్రేమించెను. ప్రేమించెను గనుకనే వాడలేదు. వానపడునేమో యని ఒక పెండ్లికి, గుంపు హెచ్చని మఱియొక పెండ్లికి, పాతసంచినే పట్టుకొని పోయెను. 2020 మార్చి 25వ తేదీని దేశమంతట లాక్‌డౌను వచ్చెను. సైబరాబాదు కార్యాలయములు మూతపడి యుద్యోగము లిండ్లలోనికి వచ్చినవి. సంచికి బయటికి బోవు పనియే లేకపోయెను. దుకాణమువా రిచ్చిన గుడ్డతొడుగులో నుంచి, దానిపై దుమ్ము పడునని ప్లాస్టిక్ సంచి తొడిగి, పెట్టెలో బెట్టి, ఆ పెట్టెను స్నానపుగది గోడ నంటియున్న బీరువా పైయఱలో దాచినది. ఆ యేటి అక్టోబరులో నగరమును ముంచిన వానలు మొదలు మూడు వానకాలములు దానిమీదుగ నడచినవి. పెట్టె మూత తీయలేదు.

2023లో ప్రపంచమంతట సాంకేతిక సంస్థలు ఉద్యోగులను దగ్గించినపుడు ఆమె యుద్యోగమును పోయినది. ఫ్లాటుపై బ్యాంకు అప్పు నెలనెల తీర్పవలసి యున్నది. ఒక యాదివారము మా యింటికి వచ్చి, “అక్కా, ఆ బ్యాగు అమ్మేస్తాను. కొత్తదానిలాగే ఉంది. ఇలాంటివాటికి ధర తగ్గదంటారు” అన్నది. ఇరువురమును బోయి పెట్టె దింపితిమి. మూత తెఱవగనే ముక్కవాసన కొట్టినది. తోలుపై తెల్లని బూజు బూడిద చల్లినట్లున్నది. లోన చేయిపెట్టగా ప్రక్కలు వ్రేళ్లకు బెల్లపు పాకమువలె నంటుకొనెను. పట్టీపై పూత పొరలుపొరలుగ రాలెను.

పాతసంచులు కొనువారొకరు చూచి, “లోపలిదంతా జిగురు పట్టింది మేడమ్. వాసన పోదు. మేము తీసుకోలేము” అనిరి. మఱియొకరు చెప్పిన ధర ఒక నెల కూరగాయల ఖర్చునకు జాలును. మా చెల్లెలు త్రోవపొడుగున నోరు విప్పలేదు. ఇంటికి వచ్చి గడపలోనే కూర్చుండి, “నాలుగుసార్లు కూడా పట్టుకోలేదక్కా దీన్ని” అని యేడ్చెను. ఆ యేడ్పు సంచికొఱకు మాత్రమే కాదని మే మెఱుగుదుము. అది ఆమె తొలిమాఱు తనకని, ఎవరి నడుగక, తన కష్టార్జితముతో గొనుకొన్న వస్తువు.

ఏల యిట్లయ్యెను? బూజునకు అనుకూలించునవి తేమ, చీకటి, నిలిచిన గాలి. ఆ మూడును ప్లాస్టిక్ తొడుగులో సమృద్ధిగ దొరకినవి. జిగురునకు గారణము వేఱు. ఇట్టి సంచుల లోపలి పొరకును పట్టీలకును పాలీయూరిథేను అను పూత పూయుట కలదు. అది గాలిలోని తేమతో గలిసి మెల్లమెల్లగ విఱిగిపోవును. తొలుత జిగురెక్కి పిదప పొరలై రాలును. మూసిపెట్టిన చోటను, ఉక్కపోతలోను ఆ చేటు త్వరపడును. వాడకున్నచో అఱుగదనుకొనుట పొరబాటు. తోలు గాలి గోరును. చేతి స్పర్శ గోరును. దినదినము చేతబట్టిన సంచి తడిసిన యెడల ఆనాడే తెలియును, బూజు పట్టిన ఆనాడే తుడుతుము. దాచినదాని రోగము మనకు దెలియునప్పటికి అది ముదిరియుండును.

ఇక నొక చిక్కు. లోపలి పొరను మార్పించిన సంచి బాగుపడును. కాని బయటివారు విప్పి కుట్టిన సంచిని దానిని చేసిన పెద్ద సంస్థలు తరువాత మరమ్మతునకు సాధారణముగ దీసికొనవు. తిరిగి అమ్మబోయినను దానికి అసలైనదన్న గౌరవ ముండదు. అనగా బాగుచేయించుట యన్న దానిని అమ్ముకొను ఆశకు నీళ్లు వదలుటయే. మా చెల్లెలు రెండు వారము లాలోచించెను. తుదకు, “ఎవరూ కొనకపోతే దాచి ఏం లాభం? బాగు చేయించి నేనే వాడతాను” అన్నది.

మా వీథి మొగలో చెప్పులు కుట్టు వృద్ధు డొకడు చిన్న బడ్డీలో గూర్చుండును. అతని కడకు దీసికొనిపోయితిమి. అతడు ఆ సంస్థ పేరు వినియుండలేదు. సంచిని త్రిప్పి త్రిప్పి చూచి, అంచున బొటనవ్రేలితో నొత్తి, “తోలు బతికే ఉందమ్మా. లోపలిదే చచ్చింది” అన్నాడు. మఱల చూచి, “ఇది చేత్తో కుట్టింది కాదు, మిషను కుట్టు. అయినా మంచి కుట్టే” అన్నాడు. ఆ మాటతో మా చెల్లెలి మొగమున నెన్నో దినములకు నవ్వు వచ్చెను. “ఎంత తీసుకుంటావు పెద్దయ్యా?” యని మేమడుగగా ఎనిమిది వందలనెను. బూజును ఆరుబయట పొడిగుడ్డతో దులిపి, రెండు దినములు నీడన గాలికి బెట్టి, జిగురుపొర నూడదీసి, గట్టి డ్రిల్లుగుడ్డ వేసి కుట్టెను. పట్టీ మార్చెను. నాలుగవనాడు సంచి చేతికి వచ్చెను. ఆ పని తండ్రికడ నేర్చితినని చెప్పెను. మేము మఱి రెండువందలు చేర్చి యిచ్చితిమి. ఆ బాకీ అంతతో తీరినదని మే మనుకొనలేదు.

ఏడునెలలకు మా చెల్లెలికి నానక్‌రామ్‌గూడలో వేఱొక యుద్యోగము దొరకెను. జీతము మునుపటికంటె దక్కువ. ఆ నల్లసంచిని దినమును పట్టుకొని పోవుచున్నది. చిన్నది గనుక టిఫిను డబ్బా పట్టదు. మెట్రో కార్డు, తాళపుచెవులు, కార్యాలయపు గుర్తింపుపత్రము పట్టును. మూలలు కొంచె మొరసినవి. ఒరసినందుకు ఆమె యిప్పుడు బెంగపడుట లేదు.

ధరనుగూర్చి లోకమున విచిత్రమైన ముచ్చట యొకటి యున్నది. ఆంగ్లేయ గాయని, నటి జేన్ బిర్కిన్ పేర హెర్మెస్ వారు 1984లో నొక సంచిని జేసిరి. ఆమె తన కిచ్చిన తొలి సంచిని అద్దాలబీరువాలో దాచలేదు. దానికి కాగితపు బొమ్మలంటించెను, గోళ్లు కత్తిరించుకొను సాధనమును వ్రేలగట్టెను, నిండుగ గుక్కెను. 1994లో ఎయిడ్సు రోగులకొఱకైన వేలమున కిచ్చివేసెను. ఒరపిడులతో, అంటించిన గుర్తులతో గూడిన ఆ సంచియే 2025 జూలై 10వ తేదీని పారిసు వేలములో సుమారు 86 లక్షల యూరోలకు బోయినది. ఇది ఆమె పేరునకు వచ్చిన ధరయే గాని మన సంచులకు వచ్చునది కాదు. అయినను మచ్చపడిన సంచికి విలువ పోవునని భయపడువారు ఈ సంగతిని దలచుకొనవచ్చును.

సంచి పెట్టుబడి యగునా యని యడుగువారికి మా యుత్తర మిది: కాదు. ఏవో కొన్ని రకములు తప్ప, దుకాణపు గడప దాటిన సంచి ధర తగ్గుచునే యుండును. బంగారమును కరిగించినను బంగారమే. సంచిని విప్పినచో తోలుముక్కలు. విజ్ఞానేశ్వరుని మితాక్షర స్త్రీధన మను మాటకు విశాలమైన యర్థము చెప్పి, స్త్రీ కొనుకొన్న వస్తువునుగూడ అందు జేర్చినది. ఆ న్యాయమున మా చెల్లెలి సంచి ముమ్మాటికిని స్త్రీధనమే. అయితే ఆపదలో నాదుకొను ధనము వేఱు, అనుభవించు ధనము వేఱు. రెంటిని నొకటిగ దలచి మా చెల్లెలు మోసపోయెను. ఆపదకని బ్యాంకులో గొంత యుంచి, మిగిలినదానితో గొన్న సంచిని నిశ్చింతగ వాడుకొనుడు. వాయిదాల యప్పుతో మాత్రము కొనకుడు. కొననివారు తమకేదియో కొఱతయని తలపవలదు. గట్టి గుడ్డసంచి చేయు పనియే అదియు జేయును.

ఇంట నట్టి సంచి యున్నవారికి ఏటి పొడుగున చేయదగిన పనులను చెప్పి ముగింతుము. వేసవిలో ఎండ తగులనిచోట నుంచుడు. వానకాలమున పదునైదు దినముల కొకమాఱు తీసి, ఖాళీచేసి, ఫ్యాను గాలికి నొకపూట బెట్టుడు. లోపల పాత మెత్తని నూలుగుడ్డలు కూర్చిన ఆకారము చెడదు. అచ్చువేసిన పత్రికలను గూర్చినచో సిరా అంటును. తొడుగు నూలుదై యుండవలెను, ప్లాస్టిక్ వలదు. క్రొత్త చెప్పుల పెట్టెలలో వచ్చు తేమపీల్చు పొట్లములను పాఱవేయక అందు రెండుంచుడు, పిల్లలకు మాత్రము అందనీయకుడు. పిడిపట్టి వ్రేలాడగట్టక నిలువుగ గూర్చుండబెట్టుడు. బూజుపట్టిన దానిని మిగిలినవానికి దూరముగ నుంచుడు. బరువు మితిమీఱిన పిడియును దెగును, మన భుజమును నొచ్చును. వారమున కొకమాఱు నింపినదంతయు క్రుమ్మరించి యక్కఱలేనిది తీసివేయుడు.

బతుకమ్మ పండుగకు ముందు, తంగేడు పూచు దినములలో, మా చెల్లెలు తన సంచిని దీసికొని మా యింటికి వచ్చును. రెండింటిని వరండాలో పీటపై ప్రక్కప్రక్కన నుంచి గాలికి బెట్టుదుము. ఈ యేడును వానలు తెఱపియిచ్చిన పిమ్మట మీరును మీ బీరువా పైయఱ నొకమాఱు తెఱచి చూడుడు. అందు దాచిన దేదైన నున్నచో, మఱునాడు బయటికి బోవునపుడు దానిని చేతబట్టుకొని పొండు.